ఫిల్మ్‌నగర్‌లో నేను తోమిన ఆకుపెట్టె

హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా కొట్టుకొచ్చే ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "ఫిల్మ్‌నగర్‌లో ఉన్నావటగా, ఎవరెవర్ని చూశావు?" హీరోలెవర్నీ చూడలేదంటే నమ్మరు. ఏదో దాస్తున్నానని మొహం ముడుచుకుని, గిన్నె బేరం కూడా ఆడకుండా వెళ్ళిపోతున్నారు. అందుకని మొత్తం ఒకసారి రాసి పెడుతున్నాను, అడిగినవాళ్ళకి చదువుకోమని ఇచ్చేస్తాను. నేను వెళ్ళింది హీరోల్ని చూడటానికి కాదు, పెట్టెల్ని చూడటానికి. చూసి ఊరుకుంటే రాయడానికేమీ ఉండేది కాదు.

మాది తెనాలి. మా ఆయనా నేనూ ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు నడుపుతాం. మా చెల్లెలు విమల కూతురు హారిక సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తుంది. సెట్టు వేయించడం, ఆ సెట్టులో ఏ గోడకి ఏ గడియారం ఉండాలో, ఏ గూట్లో ఏ చెంబు ఉండాలో చూడటం వాళ్ళ పని. ఏళ్ళ తరబడి ఇంకొకరి కింద పనిచేసి, ఈ మధ్యే తనే ఆర్ట్ డైరెక్టరుగా మొదటి సినిమా ఒప్పుకుంది. విమలకి ఆ సంతోషం కంటే దిగులే ఎక్కువ. పిల్ల ఇల్లంతా పాత పెట్టెలతో నింపేసిందనీ, ఎవరు వాడి వదిలేసినవో తెలియని సామాన్లు మంచం పక్కన పెట్టుకుని పడుకుంటోందనీ ఫోన్లో ఒకటే గోల. మోకాలు నొప్పితో తను కదల్లేదు. "అక్కా, నువ్వెళ్ళి రావే. ఎలాగోలా ఆ చెత్త కాస్త తగ్గించి రా" అంది. వెళ్ళిందాన్ని చెప్పినంత వరకూ చేసి ఊరుకోలేదు.

బుధవారం: ఎత్తు మీద ఇల్లు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి కాసేపటికి రోడ్డు ఎక్కడం, దిగడం మొదలెడుతుంది. మా తెనాలిలో వీధులన్నీ చదును. ఇక్కడ ఒకరి మేడ గుమ్మం, ఇంకొకరి మేడ డాబాతో సమానంగా ఉంటుంది. కోటలాంటి గోడలున్న బంగళా పక్కనే రేకుల ఇళ్ళ వరస, ఆ వరస చివర గుండ్రాయి, ఆ గుండ్రాయి మీద ఆరేసిన దుప్పట్లు. ఆటో అబ్బాయిని "ఇదేంటి బాబూ, రాళ్ళు తీసేసి ఇళ్ళు కట్టుకోలేదా" అనడిగాను. "తీసిండ్రమ్మా. తీయంగ తీయంగ మిగిలినయి గివి" అన్నాడు.

హారిక ఉండేది ఫిల్మ్‌నగర్‌లో ఓ పాత మేడ రెండో అంతస్తు. రెండు గదులు, ఓ వరండా. తలుపు తీయగానే "పెద్దమ్మా" అని వాటేసుకుంది. చిక్కిపోయింది. కళ్ళ కింద నలుపు. అడిగితే షూటింగ్ నడుస్తోందంది. వాటేసుకుని వదిలాక నేను లోపలికి చూశాను. విమల చెప్పింది నిజమే.

సోఫా ముందు బల్ల లేదు, దాని బదులు భోషాణం. గోడకి ఆనించి ఎవరి పేరో తెల్ల రంగుతో రాసున్న ఇనప ట్రంకు. కిటికీ గట్టు మీద చెక్కమీద లక్క పూసిన కుంకుమ పెట్టె, దాని పక్కన తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా. నాలుగు గిన్నెల క్యారేజీని విడదీసి, గిన్నెలు తిరగేసి, వాటిలోంచి దీపాలు వేలాడదీసింది. అల్మారా మీద నల్లగా మసిబారిన ఇత్తడి సామాను. ఉన్నమాట చెప్పాలంటే నాకక్కడ పెట్టెలు కనపళ్ళేదు, కిలోలు కనపడ్డాయి. మా కొట్టులో పాత ఇత్తడి తూకానికి తీసుకుంటాం, కొత్త స్టీలు ఇస్తాం. ఆ పాతది కరిగించడానికి పోతుంది. ముప్పై ఏళ్ళుగా అదే చూస్తున్న కళ్ళు ఇంకోలా ఎలా చూస్తాయి?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో ఏ పెట్టే ఊరికే లేదు. భోషాణంలో దుప్పట్లు, ట్రంకులో హారిక కొలత టేపులూ రంగు బ్రష్షులూ, బిస్కెట్ డబ్బాలో కందిపప్పు, ఏ డాక్టరుదో మందుల పెట్టెలో గాజులు. "పని చేయని వస్తువు ఇంట్లో పెట్టను పెద్దమ్మా. ఊరికే చూడ్డానికి పెట్టుకుంటే మ్యూజియం అవుతుంది" అంది.

"మరి ఈ అల్మారా మీద ఇంత ఖాళీ వదిలేశావేంటి? ఇంకో నాలుగు పడతాయిగా."

"ఖాళీ ఉండాలి. ఒక పెట్టె కనపడాలంటే దాని పక్కన ఏమీ ఉండకూడదు. అన్నీ కలిపి పేరిస్తే కొట్టులా ఉంటుంది."

"కొట్టంటే అంత చులకనా నీకు?"

నవ్వి నా బుగ్గ పట్టుకుంది. ఆ రాత్రి పప్పు నేనే వండాను. బిస్కెట్ డబ్బాలోంచి కందిపప్పు తీస్తుంటే మూత మీద బొమ్మలో ఓ దొరసాని నన్నే చూస్తోంది. అలవాటు లేక రెండుసార్లు మూత తిరగేసి పెట్టాను.

గురువారం పొద్దున: రోట్లో మొక్క

పొద్దున్నే ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. ఆ బిస్కెట్టు తియ్యనా ఉప్పనా తేల్చుకోలేక మూడు తిన్నాను. తర్వాత హారిక నన్ను జూబ్లీహిల్స్‌లో పాత వస్తువులు అమ్మే షాపుకి తీసుకెళ్ళింది. సినిమాకి ఓ పందిరిమంచం చూడాలంది.

షాపు అనకూడదేమో, ఓ బంగళా మొత్తం. లోపల ఏసీ, సన్నగా వీణ. ఒక్కో వస్తువు మీద ఒక్కో దీపం. మా వీధిలో ఇంటింటా అటక మీద పడి ఉండే పోపుల పెట్టె ఇక్కడ గాజు అద్దం వెనక కూర్చుంది. ధర చీటీ చూసి, చూపు ఆనలేదేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నిజంగానే ఆరు వేలు. దాని పక్కన గంగాళం, మా అత్తగారి కాలంలో పెళ్ళిళ్ళలో సాంబారు కాచిన రకం, నలభై వేలు. అలాంటివి ఎన్ని కాటాకెక్కించానో గుర్తుచేసుకుని కాసేపు ఓ కుర్చీలో కూర్చున్నాను. "మేడమ్, అది కూడా అమ్మకానికే అండీ, లేవండి ప్లీజ్" అన్నాడు షాపతను.

ఓ అమ్మాయి, నలభై ఉంటాయి, రాతి రోలు కొంటోంది. కొత్త ఇంట్లో గుమ్మం పక్కన పెట్టుకుంటుందట. పేరు స్వప్న అని చెప్పింది, బంజారాహిల్స్‌లో ఏదో ఆఫీసు.

"పొత్రం ఏదమ్మా?" అనడిగాను.

"అదేంటండీ?"

"రుబ్బడానికి రాయి. అది లేకుండా రోలేం చేసుకుంటావు?"

"ప్లాంట్ పెడతానండీ ఆంటీ. మనీ ప్లాంట్."

నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయికీ ఆగలేదు. మంచి పిల్ల. "మా నానమ్మ రోట్లో పచ్చడి చేసేదండీ. ఆ ఇల్లు అమ్మేసినప్పుడు రోలు అక్కడే వదిలేశారు. ఇప్పుడు ఎవరిదో కొనుక్కుంటున్నాను" అంది. అప్పుడు నవ్వు కాస్త తగ్గింది నాకు. పొత్రం కూడా వెతికించి ఇమ్మని షాపతన్తో నేనే పోట్లాడాను. లోపలెక్కడో దొరికింది. దానికి వేరే డబ్బులడిగితే, జత విడగొట్టి అమ్మడం ఎక్కడి పద్ధతయ్యా అని దులిపేశాను. ఊరికే ఇచ్చాడు.

బయటికొచ్చాక హారిక అంది, "నువ్వు నాతో రోజూ వస్తే బావుణ్ణు." పొగిడిందని పొంగిపోయాను. ఆ పొంగు సాయంత్రం దాకా దిగలేదు, అదే కొంప ముంచింది.

గురువారం సాయంత్రం: చింతపండు

మధ్యాహ్నం హారిక పనికి వెళ్ళిపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీ పెట్టాను, కట్టేశాను. రేపు శుక్రవారం. మా ఇళ్ళలో గురువారం సాయంత్రం ఇత్తడి తోమకపోతే ఏదో మర్చిపోయినట్టుంటుంది. దీపం కుందులు, చెంబు, హారతి పళ్ళెం, అన్నీ చింతపండు, ఉప్పు వేసి తోమి, ముగ్గుపిండితో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచి నీరెండలో పెడితే బంగారంలా ఉంటాయి. ఈ పిల్ల ఇంట్లో చూస్తే కిలోల కొద్దీ ఇత్తడి, ఒక్కటీ మెరవదు. పనికి పోయే పిల్ల, తీరికెక్కడిది పాపం అనుకున్నాను.

అన్నిటికంటే నల్లగా ఉన్నదానితో మొదలుపెట్టాను. అది ఆకుపెట్టె. తమలపాకులు, వక్కలు, సున్నం పెట్టుకునే ఇత్తడి పెట్టె, జానెడు పొడుగుంటుంది. ముందు గడియ, గడియకి రెండువైపులా రెండు చిలకలు. తోమేకొద్దీ ఆ చిలకల ముక్కులు, ఈకలు ఒక్కొక్కటీ బయటపడుతుంటే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. లోపలి అరలతో సహా తోమాను. మూలల్లో పుల్లతో గీకాను. ఇంత పనీ అయ్యేసరికి చేతులు లాగి, మిగతావి రేపు చూద్దాంలే అని దాన్ని తీసుకెళ్ళి అల్మారా మీద సరిగ్గా దీపం కింద పెట్టాను. హారిక అన్నట్టే, పక్కన ఖాళీ వదిలాను.

ఏడింటికి వచ్చింది. చెప్పులు విప్పుతూ అల్మారా వైపు చూసింది. ఒక చెప్పు కాలికే ఉండిపోయింది.

"పెద్దమ్మా, ఏం చేశావు?"

"తోమాను" అన్నాను గర్వంగా. "చిలకలు చూడు."

హారిక నేల మీద కూర్చుండిపోయింది. అరవలేదు. అరిచినా బావుండేది. అప్పుడు విషయం చెప్పింది. ఆ పెట్టె సినిమాలో ఉంది. హీరోయిన్ నానమ్మ పాత్రది. ఆవిడ మనవరాలికి ఆ పెట్టె ఇచ్చే సీను సగం పది రోజుల కిందటే తీశారు. మిగతా సగం శనివారం. సెట్టు మీద వస్తువులు మాయమవుతాయని, ముఖ్యమైనవి హారిక ఇంటికి తెచ్చుకుంటుంది. మొదటి సగంలో పెట్టె నల్లగా, రెండో సగంలో తళతళా ఉంటే, ఒకే సీనులో, ఒకే నిమిషంలో, చూసేవాళ్ళు నవ్వుతారు. దాన్ని కంటిన్యుటీ తప్పడమంటారట.

"మళ్ళీ మొదట్నుంచీ తీసుకోవచ్చుగా" అన్నాను.

"ఆ నటి డేట్లు శనివారంతో అయిపోతాయి. ఇంకో నెల దాకా దొరకరు. నా వల్ల షూటింగ్ ఆగిందంటే ఇక నాకెవరూ సినిమా ఇవ్వరు. మొదటి సినిమాలోనే కంటిన్యుటీ తప్పిన అమ్మాయి అంటారు. ఎన్నేళ్ళు చేసినా ఆ పేరు పోదు పెద్దమ్మా."

  చెత్త తగ్గించి రమ్మంటే, పిల్ల బతుకుతెరువు మీదకే తెచ్చాను. అన్నం వడ్డిస్తే ఇద్దరం తినలేదు. వెళ్ళి పడుకోబోతూ హారికే నా దగ్గరికొచ్చి, "నీకు చెప్పాల్సింది. తప్పు నాదే" అంది. ఆ మాటకి ఇంకా ఏడుపొచ్చింది.

శుక్రవారం: కృష్ణానగర్‌లో పాతచేసే మనిషి

పొద్దున్నే ఆకుపెట్టె తువ్వాల్లో చుట్టుకుని కృష్ణానగర్ వెళ్ళాం. ఫిల్మ్‌నగర్ ఎత్తు అయితే ఇది ఇరుకు. సందులో ఓ బైకు నిలబెడితే ఇంకో బైకు వెనక్కి పోవాల్సిందే. ఒక్కో మేడకి ఇరవై గదులు, గది గదికీ ఓ ఆశ. మెట్ల మీద కూర్చుని ఒకబ్బాయి డైలాగు బట్టీ పడుతున్నాడు. పైన డాబా మీంచి డాన్సు ప్రాక్టీసు చప్పుడు. అగరొత్తుల వాసన, మిర్చి బజ్జీ వాసన, మేకప్ సామాన్ల కొట్టు ముందు పౌడరు వాసన.

మేం వెళ్ళింది ఓ గోడౌనుకి. సినిమాలకి సామాన్లు కిరాయికిచ్చే చోటు. సింహాసనం నుంచి సెలైన్ స్టాండు దాకా అన్నీ ఉన్నాయి. అక్కడ నర్సింగ్ అని ఓ పెయింటరు. కొత్త వస్తువుని పాతగా చేయడం ఆయన పని. మా ఊళ్ళో పాతదాన్ని కొత్తగా చేయమని నా దగ్గరికొస్తారు, ఇక్కడ కొత్తదాన్ని పాతగా చేయమని ఈయన దగ్గరికొస్తారు. మెడలో లావుపాటి గొలుసు, నోట్లో గుట్కా, మాటలు కోటలు దాటతాయి.

"గీ నర్సింగ్ చెయ్యి పెట్టిండంటే నిన్న కట్టిన గోడ గూడ నిజాం జమానాది అయితది. ఫికర్ చేయకు మేడమ్" అని, తువ్వాలు విప్పి పెట్టె చూసి ఈలేశాడు. "ఎవలు తోమిండ్రు దీన్ని?"

"నేనే" అన్నాను.

"మస్తు తోమినవమ్మా. పెండ్లికూతురు లెక్క జేసినవ్."

హారిక ఫోన్లో మొదటి సగం ఫొటోలు తీసి చూపించింది. అప్పటి నలుపు మళ్ళీ రావాలి, అదే నలుపు. నర్సింగ్ ఏవేవో సీసాలు తీశాడు. టీ డికాషన్, బూట్ పాలిష్ నాకు తెలిశాయి, మిగతావి ఆయన చెప్పలేదు, నేనడగలేదు. మొదటిసారి ఆకుపచ్చగా తేలింది. కడిగేశాడు. రెండోసారి ఎర్రగా వచ్చింది. "జర ఆగు మేడమ్, ఇత్తడి మొండిది" అన్నాడు. అప్పటికి మధ్యాహ్నమైంది. ఆయన గొప్పలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి, హారిక గోళ్ళు కొరుక్కుంటోంది.

ఆకలికి పక్క సందులో మెస్సుకెళ్ళాం. ఎనభై రూపాయలకి అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర, పెరుగు. హారిక రెండు ముద్దలు తిని ఫోను పట్టుకుని బయటికెళ్ళింది. నా ఎదురుగా కూర్చున్నావిడ నన్ను పైనించి కిందకి చూసి, "మీరు ఏ ఏజెంటు తరఫున?" అనడిగింది. ఆవిడ పేరు మేరీ. ఊరు ఏలూరు దగ్గర. జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీన్లలో పీటల వెనక నిలబడుతుందట, చావు సీన్లలో ముందు వరసలో కూర్చుంటుందట.

"నేను ఆర్టిస్టుని కాదండీ. ఊరు చూడ్డానికొచ్చాను."

"అయ్యో, మంచి తల్లి మొహం మీది. కాస్త బాధ కూడా ఉంది" అంది. ఉండదా మరి. మొత్తం చెప్పేశాను. ఆవిడ వింటూనే నా విస్తట్లో తన గోంగూర వేసింది. "మా ఇంట్లో కూడా శనివారం సాయంత్రం ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు తోముతామండీ, ఆదివారం ప్రార్థనకి. నేనైనా అదే చేద్దును" అంది. ఎంత ధైర్యం వచ్చిందో ఆ ఒక్క మాటతో. హైదరాబాదులో నాకు దొరికినవాళ్ళలో అందరికంటే మంచి మనిషి ఆవిడే.

తిరిగి వెళ్ళేసరికి నర్సింగ్ గంతులేస్తున్నాడు. రంగు కుదిరింది. ఫొటో పక్కన పెట్టి చూస్తే నాకు తేడా తెలీలేదు, హారికకీ తెలీలేదు. పొర మీద పొర వేస్తూ, ఆరబెడుతూ, ముందువైపు, మూత, రెండు పక్కలూ అయ్యేసరికి చీకటి పడుతోంది. వెనకవైపు మాత్రం నేను తోమినట్టే ధగధగలాడుతోంది.

"అన్నా, వెనక?" అంది హారిక.

"ఎన్క ఎవలు చూస్తరు మేడమ్? కెమెరా దిక్కు జేసిన. మేం ఏ వస్తువుకైనా కెమెరా దిక్కే జేస్తం, ఎన్క ఎప్పుడు జేయం. మళ్ల తడి తగిలితే ముంగటిది గూడ కరాబ్ అయితది. నీ ఇష్టం."

అది నిజమే, ఆ గోడౌన్లో ఏ వస్తువు వెనకకెళ్ళి చూసినా ఉత్త చెక్కా మేకులే.  హారిక ఫొటోలన్నీ మళ్ళీ చూసింది. ఎక్కడా వెనక కనపడలేదు. "సరే" అంది. తువ్వాల్లో కాకుండా, కోడిగుడ్లు మోసినట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాం.

శనివారం: సెట్టు మీద

షూటింగ్ జూబ్లీహిల్స్‌లోనే, ఖాళీగా ఉన్న ఓ పాత బంగళాలో. నేను రానన్నాను. "నువ్వు లేకపోతే నాకు భయమేస్తుంది" అంది హారిక. పొద్దున ఆరున్నరకే యూనిట్ టిఫిను: ఇడ్లీ, వడ, ఉప్మా, అల్లం చట్నీ. వడ బావుంది. ఇంత కంగారులోనూ వడ రుచి తెలిసినందుకు నా మీద నాకే చిరాకేసింది.

ఆ నానమ్మ గదిని హారిక ఎలా సర్దిందో అప్పుడు చూశాను. మంచం, కిటికీ, దండెం మీద తువ్వాలు, గూట్లో ఒకే ఒక్క మరచెంబు, దాని పక్కన ఖాళీ. ఆ గదిలోకి అడుగుపెడితే ఎవరో ఇప్పుడే లేచి బయటికెళ్ళినట్టుంది. ఇంట్లో పెట్టెల మధ్య ఆ పిల్ల ఏం నేర్చుకుంటోందో నాకు తెలిసింది. తెలిసినందుకు సంతోషించే వేళ కాదది.

డైరెక్టరు వరంగల్ అబ్బాయి, సన్నగా, టోపీ పెట్టుకుని. నానమ్మగా వేస్తున్న నటిని చూస్తే నేను కాలేజీ రోజుల్లో చూసిన సినిమాలన్నీ గుర్తొచ్చాయి. పేరు చెప్పను, ఆవిడ ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. కెమెరా ఆవిడ భుజం వెనక. ఆవిడ ముందు ఆకుపెట్టె, చిలకలు కెమెరా వైపు. ఎదురుగా మనవరాలు, కెమెరా పక్కనించి కిటికీ ఎండ. ఆవిడ పెట్టెని మనవరాలి వైపు నెట్టాలి, అంతే. రిహార్సల్లో రెండుసార్లూ నెట్టింది. హారిక నా చెయ్యి పట్టుకుంది.

టేక్ అన్నారు. ఆవిడ పెట్టె మీద చెయ్యేసింది. నెట్టలేదు. రెండు చేతుల్తో ఎత్తి, గడియ మనవరాలి వైపు వచ్చేలా తిప్పి పెట్టింది.

మా ఇళ్ళలో అంతే కదా. ఎవరికైనా ఆకులిచ్చేటప్పుడు పెట్టె వాళ్ళవైపు తెరుచుకునేలా తిప్పి పెడతాం. ఆవిడ చేతులకి ఆ అలవాటు ఉంది. తిప్పగానే వెనకవైపు కెమెరాకి వచ్చింది. కిటికీ ఎండ దాని మీద పడి తళుక్కుమంది. 

"కట్" అన్నాడు డైరెక్టరు. మానిటర్ దగ్గర్నుంచి లేచొచ్చి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "గిదేంది? ముంగట నల్లగుంది, ఎన్క మెరుస్తుంది."

  అప్పుడు ఆ పెద్దావిడ కూర్చున్న చోటు నుంచే అంది, "మెరవదూ మరి? ఇది నడుం మీద పెట్టుకుని ఇల్లంతా తిరిగే పెట్టె. నలభై ఏళ్ళు చీర రాసుకున్న వైపు మెరవకుండా ఎలా ఉంటుంది బాబూ? మా అత్తగారిది ఇలాగే ఉండేది."

డైరెక్టరు పెట్టె తీసుకుని తన నడుంకి ఆనించుకుని చూశాడు. వెనకవైపు ఒంటికి, చిలకలు బయటికి.  "మస్తుంది. తిప్పుడే మంచిగున్నది, గదే ఉంచుదాం" అని, హారిక వైపు తిరిగాడు. "గింత ఆలోచించి చేసినవా హారికా? నాకు చెప్పనేలేదు."

అవును సార్ అంటే అయిపోయేది. ఆ మొదటి సినిమాలోనే పేరొచ్చేది. నేనైతే మనసులో అనవే, అనవే అని మొక్కుకుంటున్నాను. హారిక నా చెయ్యి వదల్లేదు.

"లేద్సార్. నేను చేయలేదు. మా పెద్దమ్మ పెట్టె మొత్తం తోమేసింది. ముందువైపు మళ్ళీ నలుపు వేయించాను, వెనక వేయించలేకపోయాను."

డైరెక్టరు నన్ను చూశాడు. నేను ఎటు చూడాలో తెలీక నా చీర కుచ్చిళ్ళు చూసుకున్నాను.

"ఎవరీమె?" అన్నాడు.

"మా ఆర్ట్ డిపార్ట్‌మెంటే సార్" అంది హారిక.

అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు, పెద్దావిడ గట్టిగా. నేను నవ్వలేదు. ఇన్నేళ్ళూ ఎవరడిగినా, "మా పిల్ల సినిమాల్లో పాత సామాన్లు సర్దుతుంది" అని చెప్పిందాన్ని. అంతమంది ముందు, నేను చేసిన పాడుపని తర్వాత కూడా, ఆ పిల్ల నన్ను తన మనిషని చెప్పింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, ఇంకెవరో టీ ఇచ్చారు.

సీను ఇంకో రెండు టేకుల్లో అయిపోయింది. హారిక ఆకుపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టి, నా పక్కన కింద కూర్చుంది. ముందు నలుపు అలాగే ఉంది. వెనకవైపు ఇంకా ఎండ వేడి ఉంది.

"ఇంటికెళ్ళాక దీన్ని నువ్వు ముట్టుకోకూడదు" అంది మెల్లగా.

"ముట్టుకోనే తల్లీ."

"ఎవర్నీ ముట్టుకోనివ్వను. నర్సింగన్న ఫోన్ చేసి, ఇప్పుడు తీరిగ్గా వెనక కూడా నలుపు వేస్తానన్నాడు. వద్దని చెప్పేశాను."